ఖాళీగా కనబడని కుర్చీ

ఏప్రిల్ 2

పొట్టీ,

మొత్తానికి నా నోరు మూయించారే! గొంతులో గడ్డ తీసేశారు, భయపడాల్సిందేం లేదన్నారు, కానీ నెల్లాళ్ళ దాకా మాట బయటికి రాకూడదట. గుసగుసలు కూడా వద్దట, అవి ఇంకా చెడ్డవట. కొట్టులో కూర్చుని ఇన్నేళ్ళు అరిచిన అరుపులకి ఇదే శిక్ష అని నా కూతురు నవ్వుతోంది. అల్లుడైతే మరీను. "అత్తయ్యగారు వచ్చాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు. తిరిగి నాలుగు అంటిద్దామంటే నోరు లేదాయె.

ఫోనులో ఆ చీమతలకాయంత అక్షరాలు నొక్కడం నా వల్ల కాదు. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. అందుకే ఈ కాగితం. మన సరుకుల వ్యానాయన ఎలాగూ రెండూళ్ళ మధ్యా తిరుగుతూనే ఉంటాడు, ఆయన చేతికిస్తా. నువ్వూ అలాగే పంపు.

బయల్దేరే హడావిడిలో అన్నీ చెప్పానో లేదో. ముందు గదిలో కిరాణా సంగతి నీకు తెలిసిందే, బియ్యం బస్తాలు గోడకి ఆనించి పెట్టకు, చెమ్మ పడుతుంది. వెనక గదిలో కాఫీ పొయ్యి ఎడంవైపుది మొదటిసారి వెలగదు, అలుగుతుంది, రెండోసారి వెలిగించు. వంటాయన పని బంగారం. ప్రపంచం మునిగిపోతున్నా గుడ్డు మాడనివ్వడు, వంటింట్లోంచి బయటికి రాడు, ఎవరితోనూ మాట్లాడడు. ఇప్పుడు నేనూ ఆయనా ఒకే కులం.

కిటికీ పక్క కుర్చీ టైలరమ్మది. వీధి చివర మేడ మీద ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటాయి, ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నోరు మాత్రం ఆమె కత్తెరకన్నా పదును. పంచదార కాస్త ఎక్కువైతే "ఇది కాఫీయా దగ్గుమందా" అంటుంది. ఎదురు చెప్పకు, నవ్వి ఊరుకో. నాకు ఆ కొట్టులో చుట్టమంటూ ఉంటే ఆమే.

నువ్వు పనిచేసే హోటలు వాళ్ళు మరమ్మతులని మీకందరికీ సెలవులిచ్చిన సమయానికే నాకు ఈ రోగం రావడం నా అదృష్టం. లేకపోతే కొట్టుకి తాళం పడేది. నీ రుణం ఉంచుకోనులే, వచ్చాక తిట్టడం మానేస్తా.

మాట పడిపోయిన
మీ అక్క

ఏప్రిల్ 5

అక్కా,

నీకు మాట పోయిందని ఎవరన్నారు? ఉత్తరం నిండా వినబడుతూనే ఉంది.

ఇక్కడ అంతా సవ్యంగానే ఉంది. ఎడం పొయ్యి నాతో మూడోసారికి గానీ రాజీపడలేదు. టైలరమ్మ మొదటిరోజే నా కాఫీ తాగి "నీకు మీ అక్క చెయ్యి రాలేదమ్మాయ్" అంది. నవ్వి ఊరుకున్నా. రెండోరోజు "ఇవాళ పరవాలేదు" అంది. ఆ ముక్కకే నాకు సన్మానం చేసినట్టయింది. లెక్కల మాస్టారు రోజూ పేపరు తెచ్చుకుని, చదివినంతసేపూ ప్రభుత్వాన్ని తిట్టి, ఒక్క కాఫీతో పొద్దంతా గడిపేస్తున్నారు. ఇలా అయితే బేరం ఎలా సాగుతుందే?

అందుకే నీ అనుమతి ఒకటి కావాలి. ఆదివారం పొద్దున కొట్టు ఈగలు తోలుకుంటోంది. జనం ఆలస్యంగా లేస్తారు, టిఫిను వేళ దాటిపోతుంది, భోజనానికి ఇంకా వేళ కాదు. ఆ మధ్యలో తినేదాన్ని బ్రంచ్ అంటారు. మా హోటల్లో ఆదివారం దానికోసం వరసలు కట్టేవాళ్ళు. గుడ్లు, కాల్చిన బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలు, పళ్ళముక్కలు, కాఫీ. సరుకంతా మన ముందు గదిలోదే. పళ్ళు వాడిపోయే లోపు అమ్ముడుపోతాయి కూడా. ఏమంటావు? కాస్త గదిని కూడా సర్దుతా. ఆ పసుపు పరదాలు ఎప్పటివే తల్లీ, బావ ఉన్నప్పటివా?

జవాబు పొడుగ్గా రాయి. నువ్వు తిట్టకపోతే నాకు కొట్టు కొట్టులా లేదు.

నీ పొట్టి

ఏప్రిల్ 8

పొట్టీ,

పొద్దెక్కి లేచినవాళ్ళు తినే టిఫినుకి అంత సోకైన పేరా! మా అత్తగారు వింటే "బద్ధకానికి బారసాల చేశారు" అనేది. సరేలే. పళ్ళు అమ్ముడుపోతాయన్నావు చూడు, ఆ మాటకి పడిపోయా.

పరదాలు బావ కొన్నవే. మార్చెయ్, ఆయనేం కల్లోకొచ్చి అడగడు. ఆ కొట్టు ఇప్పుడు నీ చేతిలో ఉంది. బల్లలు మారుస్తావో, గోడలకి రంగేస్తావో నీ ఇష్టం, ప్రతిదానికీ నన్ను అడగక్కర్లేదు. అంత పెద్ద హోటల్లో పనిచేసినదానివి, నీకు నేను నేర్పేదేముంది?

ఇక్కడ నేను పలక మీద రాసి చూపిస్తున్నా. మనవరాలికి అక్షరదోషాలు పట్టడం కొత్త ఆటయింది. నిన్న "కాఫీ ఏదే" అని రాస్తే, నా చేతిరాతకి పదికి నాలుగేసింది.

టైలరమ్మకి నేను అడిగానని చెప్పు. ఆమె మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో కనుక్కో.

మీ అక్క

ఏప్రిల్ 16

అక్కా, అక్కా!

నిన్న నువ్వుండాల్సింది. బల్లలన్నీ నిండి, ముందు గదిలో పప్పు బస్తాల మీద కూడా కూర్చున్నారు. నిజం, ఒకాయన కందిపప్పు మీద కూర్చుని ఆమ్లెట్టు తిని, లేచేటప్పుడు ఆ పప్పే కొనుక్కెళ్ళాడు. వీధిలోకి బోర్డు పెట్టాను, తెల్ల పరదాలు కట్టాను, ప్రతి బల్లమీదా చిన్న గ్లాసులో రెండు పూలు. వంటాయన ఒక్కసారి తలుపు సందులోంచి తొంగిచూసి "ఇంతమందా" అన్నాడు. ఆయన నోట మాట విన్నదాన్ని నేనే మొదటిదాన్నేమో.

గదిని కూడా ఒక దారికి తెచ్చా. ఆ గోడకి కొక్కేలేమిటే, వాటికి వేలాడే ఆ కప్పులేమిటే? ఒకదానికి పిడి లేదు, ఒకదాని మీద రంగుపోయిన కోడిపుంజు, ఒకటైతే ఏకంగా స్టీలు గ్లాసు. సంతలో పాత సామాన్లలా ఉన్నాయి. గురువారం అన్నీ తీసి, కాగితాలు చుట్టి, పెట్టెలో పెట్టి సామాన్ల గదిలో పెట్టా. అందరికీ ఒకేరకం తెల్లకప్పులు కొన్నా. కొత్తొక వింత పాతొక రోత అంటావేమో, అను. చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

మాస్టారు తెల్లకప్పుతోనే పేపరు చదువుకున్నారు. టైలరమ్మే, అమ్మో, శుక్రవారం గుమ్మంలోనే నిలబడిపోయింది. "నా కప్పు గోడకే ఉండనీ అమ్మాయ్" అంది. తెల్లకప్పులో కాఫీ రుచిగా ఉంటుంది కూర్చోండి అన్నా. "నాకు రుచి గురించి కాదు" అంది. నవ్వి ఊరుకోమన్నావుగా, నవ్వి ఊరుకున్నా. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. శనివారం రాలేదు. నిన్నా రాలేదు. ఒక కోడిపుంజు కప్పుకి ఇంత అలకా? చిన్నపిల్లలు నయం. నాలుగు రోజులు పోనీ, తనే వస్తుంది. కిటికీ పక్క కుర్చీ నిన్న ఖాళీగా ఉండటమూ మంచిదే అయింది, కొత్తగా వచ్చిన ఒక జంటని కూర్చోబెట్టా. ఎంత సంబరపడ్డారో!

వచ్చే ఆదివారానికి బ్రెడ్డు రెట్టింపు చెప్పా. ఇదిగో, వ్యానాయన హారన్ కొడుతున్నాడు.

విజయగర్వంతో
పొట్టి

ఏప్రిల్ 17

పొట్టీ,

నీ ఉత్తరం కప్పుల దగ్గరికి వచ్చేసరికి దిగ్గున లేచా. నోరు రాదు, పలక కనబడలేదు. కూతురి చెయ్యి పట్టి లాగి, నీ ఉత్తరంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి, ఫోను చూపించా. అదేమో "ఏమైందమ్మా, ఎవరి కప్పు" అంటుంది. చివరికి ఎలాగో అర్థం చేసుకుని నీకు చేసింది.

నువ్వు టైలరమ్మ ఇంటికి పరుగెత్తి వెళ్ళావట. తలుపు తీయించావట. కాస్త జారిపడిందట, ఆస్పత్రికి తీసుకెళ్ళావట, ప్రాణానికేం భయం లేదట. ఫోను పెట్టేశాక నేను కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చా. చప్పుడు చేయకూడదుగా.

ఇప్పుడు చెబుతున్నా విను. ఆ కప్పులు ఒంటరిగా ఉండేవాళ్ళవి. ఎవరి ఇంట్లోది వాళ్ళు తెచ్చి పెట్టుకున్నారు. రాగానే ఎవరి కప్పు వాళ్ళు తీసుకుంటారు. పదకొండు దాటాక కూడా ఏదైనా కప్పు గోడకే వేలాడుతుంటే, నేను చెంగు దోపుకుని వాళ్ళింటికి వెళ్తా. ఉప్పు అప్పు అడిగినట్టో, ఊరికే పలకరించినట్టో. మాస్టారుకి ఒకసారి జ్వరం వచ్చి లేవలేకపోతే అలాగే తెలిసింది. ఎందుకొచ్చావని ఎవరికీ అనుమానం రాదు. "నిన్ను కనిపెట్టుకుని ఉన్నా" అంటే వాళ్ళకి నామోషీ కదా. టైలరమ్మ ఒక్కతే ఆ కిటుకు పట్టేసింది, పట్టి కూడా ఎవరికీ చెప్పలేదు.

పోనీలే, గండం గడిచింది. సమయానికి నువ్వు అందుకున్నావు. వ్యానాయన వచ్చినప్పుడు ఆమెకి మెత్తటి దుప్పటి ఒకటి పంపుతా.

నీ చురుకుదనానికి దణ్ణం పెట్టే
మీ అక్క

ఏప్రిల్ 20

అక్కా,

నువ్వు నన్ను మెచ్చుకోకు. ఉత్తరం చదివి నీ కాళ్ళ మీద పడాలనిపించింది.

నేను సమయానికి అందుకోలేదు. మీ అమ్మాయికి ఫోనులో "కాస్త జారింది" అని చెప్పి ఫోను పెట్టేశా. ఆమె పడింది ఆదివారం పొద్దున. నేను తలుపు బద్దలు కొట్టించింది మంగళవారం. ఆ మధ్యంతా తలుపు దగ్గర నేలమీదే ఉంది. తుంటి ఎముక విరిగింది. చేతిసంచిలో నీళ్ళసీసా ఉండబట్టి బతికింది అన్నాడు డాక్టరు. కింద ఉండే ప్రెస్సు మూతపడి చాలా రోజులైంది, అరిచినా ఎవరికి వినబడుతుంది? నేను వెళ్ళేసరికి పెదాలు అట్టకట్టి, కళ్ళు మాత్రం తెరుచుకుని తలుపు వైపే చూస్తోంది.

ఆమె కాళ్ళకి చెప్పులున్నాయే. మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని ఉంది. శనివారం అలిగిందేమో గానీ, ఆ పొద్దున అలక లేదు. ఆదివారం మన కొట్టుకే బయల్దేరింది. నేను అలిగిందని నవ్వుకుంటూ నీకు ఉత్తరం రాస్తున్నప్పుడు ఆమె అక్కడే పడి ఉంది. ఆ ఉత్తరం వెనక్కి పంపించు, చింపేస్తా. లేదు, ఉంచు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని, గొంతు సరిగ్గా రావట్లేదు, మెల్లగా అడిగింది. "కప్పు తీసేశావు సరే. నా కుర్చీ ఖాళీగా కనబడలేదా అమ్మాయ్?"

ఏం చెప్పనూ? కుర్చీ ఖాళీగా లేదు, నేనే ఇంకొకళ్ళని కూర్చోబెట్టా అని చెప్పనా? నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "ఆదివారం నుంచీ కొట్టు తీయలేదండీ, వంటాయనకి జ్వరం." అంతే, ఆమె మొహం తేటపడింది. "అదీ సంగతి. నేనింకా ఎవరూ చూడలేదేమో అనుకున్నా" అని కళ్ళు మూసుకుంది.

అప్పట్నించీ కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. మాస్టారు ఆస్పత్రికి వెళ్తానంటే, ఆదివారం నుంచీ కొట్టు మూసి ఉందని చెప్పండి అని బతిమాలా. ఆయన నా వైపు ఎలా చూశారో. అబద్ధం ఆడలేక, ఆమె మంచం పక్కన కూర్చుని ఎండల గురించి మాత్రమే మాట్లాడి వచ్చేశారట. వంటాయన "నాకు జ్వరమెప్పుడొచ్చింది" అన్నాడు. ఆమేమో వార్డులో నర్సులకీ పక్క మంచాలవాళ్ళకీ నన్ను చూపించి "ఈ అమ్మాయే తలుపు బద్దలు కొట్టించి నన్ను బతికించింది" అంటోంది. వీధిలో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ఒకావిడ నా తల నిమిరింది. బ్రంచ్‌కి ఈ ఆదివారం చోటు ఉంచమని పదిమంది అడిగారు. వద్దన్నాను, కొట్టు మూసేస్తున్నా. అప్పుడు నేను చెప్పింది సగమైనా నిజమవుతుందేమో అని, చూడు నా బుద్ధి ఎలా ఉందో.

ఆపరేషను అయింది. నడుస్తుందో లేదో తెలియడానికి సమయం పడుతుందట. ఏం చెయ్యనక్కా?

చెల్లి

ఏప్రిల్ 23

పొట్టీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. కూతురు "డాక్టరు ఏడవొద్దన్నాడు" అని కాగితం లాక్కుంది.

ముందు ఒకటి విను. తప్పు నీది కాదని నేను అనను. కానీ ముందు వరసలో నిలబడాల్సింది నేను. నీకు పొయ్యి సంగతి చెప్పా, బస్తాల సంగతి చెప్పా, వంటాయన మూగతనం గురించి జోకులేశా. ప్రాణాలు కాచే సంగతి ఒక్కటీ చెప్పలా. మర్చిపోయానని అనుకుందామని చూశా. కాదే. చెప్పబుద్ధి కాలేదు. ఆ పని నా ఒక్కదానిదే అని, ఆ వీధికి నేను తప్ప దిక్కులేదని నాలో నేను మురిసిపోయేదాన్ని. నెల్లాళ్ళు నేను లేకపోతే ఏం మునిగిందిలే, వచ్చాక మళ్ళీ నేనే చూసుకుంటా అనుకున్నా. పైగా "ప్రతిదీ నన్ను అడగక్కర్లేదు" అని నీకు పెత్తనం రాసిచ్చా. ఇప్పుడు నాకు ముద్ద దిగడం లేదు. గొంతు కోసినందుకు కాదు.

రెండోది. ఆమెకి నిజం చెప్పకు. నా మాట విను. ఆమె రేపు ఇంటికెళ్ళి ఆ మేడ మీద ఒక్కతే పడుకోవాలి. కొట్టు మూసి ఉంది కాబట్టి ఎవరూ రాలేదు, తెరిచి ఉంటే వచ్చేవాళ్ళే అనే ధైర్యం ఒక్కటే ఆమెకి మిగిలింది. దాన్ని లాక్కోకు. నేను మే మొదటి శుక్రవారం వస్తా, వచ్చి పక్కన కూర్చుని, నా తప్పుతో మొదలుపెట్టి నేనే చెబుతా. అప్పటిదాకా నోరు కట్టుకో. నన్ను చూడు, కట్టుకోలేదా?

మీ అక్క

ఏప్రిల్ 24

అక్కా,

చెప్పేశాను.

నిన్న సాయంత్రం పండు ఒలిచి పెడుతుంటే మళ్ళీ నర్సుని పిలిచి "ఈ అమ్మాయి చల్లగా ఉండాలి" అంది. ఆ దీవెన నేను మోయలేకపోయా. నర్సు వెళ్ళాక చెప్పా. కొట్టు తెరిచే ఉందండీ, వంటాయనకి జ్వరం లేదు, మీ కుర్చీలో వేరేవాళ్ళని కూర్చోబెట్టింది నేనే, మీరు అలిగారనుకున్నా అని. గడగడా అప్పజెప్పేశా.

తిడుతుందనుకున్నా. ఆమె నోరు సంగతి తెలుసుగా. తిట్టలేదు. పైకప్పు చూస్తూ అడిగింది.

"జనం బాగా వచ్చారా?"

వచ్చారన్నా.

"నా కుర్చీలో వాళ్ళు ఏం తిన్నారు?"

అక్కా, నాకు గుర్తుంది. గుడ్లూ, బ్రెడ్డూ, రెండోసారి కాఫీ. చెప్పా.

"బాగుందన్నారా?"

అన్నారన్నా. ఏడుపొచ్చేసింది. మీరు నడిచేదాకా నేను ఇక్కడే ఉంటా, నా గదిలోనే మంచం వేయిస్తా, నా దగ్గరే ఉందురుగాని, రాత్రీ పగలూ చూసుకుంటా అన్నా. అప్పుడు నా వైపు తిరిగింది. "నీ పాపం కడుక్కోవడానికి నా తుంటే దొరికిందా?" అంది. గొంతు పెంచలేదు. "వెళ్ళమ్మాయ్. నాకు నిద్రొస్తోంది."

నిద్ర రాలేదు. వచ్చేస్తూ తలుపు దగ్గర్నుంచి చూశా, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

నిజం చెబితే బరువు దిగుతుందంటారు. కాస్త దిగింది కూడా, అందుకే ఇంకా సిగ్గేస్తోంది.

చెల్లి

ఏప్రిల్ 26

పొట్టీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నేను వద్దని రాసిన రోజే నువ్వు చెప్పేశావు.

కోపం వచ్చింది, దాచను. నీ బరువు నువ్వు దించుకున్నావు, ఎక్కడ దించావు? కదల్లేక పడుకున్న మనిషి గుండెల మీద. నీకు నిద్ర పట్టడం కోసం ఆమె నిద్ర పోగొట్టావు. నాలుగు రోజులు ఆగలేకపోయావా? చిన్నప్పుడూ అంతే, గ్లాసు పగలగొడితే అమ్మకి జ్వరమని కూడా చూడకుండా మంచం దగ్గరికెళ్ళి చెప్పేసి, నువ్వు ఆడుకోవడానికి పోయేదానివి.

ఇంతవరకూ రాసి పక్కన పెట్టా. కోపం దిగాక మళ్ళీ తీశా. నేను దాచమన్నదైనా ఆమె కోసమేనా? ఆమె మొహంలో నా మీద నమ్మకం పోవడం చూడలేక కదూ? చెప్పకుండా ఉంటే నేను వెళ్ళేసరికి ఇంకా "మీ కొట్టు, మీ చెయ్యి" అంటూ పలకరించేది. దొంగ ఏడుపులు ఇద్దరివీ ఉన్నాయి.

డాక్టరు నిన్న మాట్లాడమన్నాడు. నెల్లాళ్ళ తర్వాత మొదటి మాట ఏమంటానా అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఏమీ రాలేదు. టైలరమ్మతో ఏమనాలో తెలిస్తే మిగతా మాటలు వచ్చేవి.

ఆమె ఎలా ఉందో రాయి. నువ్వు అన్నం తింటున్నావా?

అక్క

ఏప్రిల్ 30

అక్కా,

ఉన్నమాటే అన్నావు.

కప్పులన్నీ మళ్ళీ గోడకెక్కించా. దానివల్ల ఎవరికీ ఏమీ అనిపించలేదు, నాకు కూడా. మాస్టారు తన స్టీలు గ్లాసు తీసుకుని, "నా జ్వరమప్పుడు మీ అక్కయ్య ఉప్పు అడగడానికి వచ్చింది, నేను పిసినారితనం అనుకున్నా" అన్నారు. అంతే, పేపరు తీసుకుని కూర్చున్నారు. ఇక నుంచి పదకొండింటికి ఆయన కొట్టు చూస్తారట, గోడకి కప్పు మిగిలినవాళ్ళ ఇళ్ళకి నేను తిరుగుతా.

నిన్న ఆదివారం బ్రంచ్ పెట్టా. పెట్టాలా వద్దా అని కొట్టుకులాడా. బోర్డు చూసి జనం వచ్చేశారు, వంటాయన అప్పటికే గుడ్లు గిలకొడుతున్నాడు. కిటికీ పక్క కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు. ఒకావిడ "ఖాళీగానే ఉందిగా" అని బ్యాగు పెట్టబోయింది. ఉందండీ, ఖాళీగానే ఉంది, కానీ మనిషి ఉంది అన్నా. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది.

ఆస్పత్రికి రోజూ వెళ్తున్నా. నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి చెబుతున్నా, మెప్పు కోసం కాదు. మొదటి మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. తెచ్చింది తినలేదు, పక్క మంచం ఆమెకిచ్చింది. నేను గోడ పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చేసేదాన్ని. మంచం మాట, నా గది మాట మళ్ళీ ఎత్తలేదు. నీ దుప్పటి మాత్రం కప్పుకుంది. నీ మీద కోపమో కాదో అడగడానికి నాకు ధైర్యం లేదు, నువ్వొచ్చి నువ్వే అడుగు.

శనివారం కొట్టులో సరుకు దిగి, లెక్కలు తేలక, వెళ్ళలేకపోయా. నిన్న బ్రంచ్ అయ్యాక, ఒళ్ళంతా నూనె వాసనతో అలాగే పరుగెత్తా. నన్ను చూడగానే మొహం గోడ వైపు తిప్పేసుకుంది. ఇక లేచి వచ్చేద్దామనుకుంటుంటే గోడకే చెప్పినట్టు మాట్లాడింది.

"నిన్న రాలేదేం?"

సరుకు దిగిందండీ అన్నా.

"నువ్వంటే ఇష్టమయ్యి అడగడం లేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా చూశా నిన్న. ఆ నేలమీద పడుకుని తలుపు చూసీ చూసీ, నాకిక ఎదురుచూడటమంటే చచ్చేంత భయం. వచ్చేదానివైతే వస్తానని చెప్పు. రానిదానివైతే రానని చెప్పు. మధ్యలో ఉంచకు."

అప్పుడు లెక్కవేసి చెప్పా, అక్కా. రేపు వస్తా, మంగళవారం వస్తా, బుధవారం వస్తా, గురువారం వ్యాను వస్తుంది, రాను అన్నా. శుక్రవారం మా అక్క వస్తోంది, ఇద్దరం వస్తామన్నా. ఒక్కొక్క రోజుకీ తల ఊపింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పా.

"గురువారం రావు" అంది.

"రానండీ."

"సరే అయితే" అని, దుప్పటి మెడ దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. ఈసారి నిజంగానే నిద్రపోయింది, గురక కూడా విన్నా.

నన్ను క్షమించలేదే. క్షమిస్తుందని నేనూ అనుకోవడం లేదు. గురువారం మాత్రం ఆమె తలుపు వైపు చూడదు. నా చేతనైంది ఇప్పటికి అంతే.

నీ చెల్లి